వంతెన మీద గేటు

తామరపురానికీ గుండ్లకోటకీ మధ్య బస్సులో గంట ప్రయాణం. పేచీ మాత్రం తాతల నాటిది. రెండూ పెద్ద ఊళ్ళే, అలాగని మరీ అంత పెద్దవి కావు. రాజధానిలో ఎవరైనా "తామరపురమా, అంటే గుండ్లకోట దగ్గరా?" అని అడిగితే తామరపురం మనిషి ముఖం మాడ్చుకుని, "కాదండీ, గుండ్లకోటే మాకు దగ్గర" అని సరిదిద్దేవాడు. మా స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఐదు నిమిషాలు ఆగుతుందని వీళ్ళంటే, మా స్టేషన్లో ఒకప్పుడు ఇంజనుకి నీళ్ళు పట్టేవారని వాళ్ళనేవారు. గుండ్లకోటకి జిల్లా జైలు మంజూరైందని తెలిసిన రోజు, మాకెందుకు ఇవ్వలేదని తామరపురంలో బందు చేశారు. జైలు వస్తే అందులో ఉండేది ఎవరన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇన్నాళ్ళూ ఈ పేచీ టీకొట్లు దాటి పోలేదు. కిడ్నీ రోగుల కోసం ఈ ప్రాంతంలో ఒక మధ్యతరహా నగరానికి పెద్ద డయాలసిస్ కేంద్రం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించాక అది సచివాలయం మెట్లెక్కింది. రెండు ఊళ్ళ నుంచీ ప్రతినిధి బృందాలు శాలువాలు పట్టుకుని వెళ్ళాయి. ఏ ఊరికిచ్చినా రెండో ఊరికి కోపమొస్తుంది. ఏ ఊళ్ళో రోగులు ఎక్కువున్నారో చూసి ఆ ఊరికే ఇస్తే పోతుంది కదా అని ఒక చిన్న ఆఫీసరు అన్నాడట. అది మరీ సులువుగా ఉందని ఆ సలహా పక్కన పెట్టేశారు. నిర్ణయం తీసుకోవడానికి ధైర్యం చాలని ప్రతి ప్రభుత్వమూ చేసే పనే ఇదీ చేసింది, కమిటీ వేసింది. దాని పేరు 'మధ్యతరహా నగరాల సాపేక్ష ప్రాముఖ్య నిర్ధారణ సంఘం'. రెండిట్లో ఏ నగరం ఎక్కువ ముఖ్యమైనదో సంఘం తేలుస్తుంది, కేంద్రం ఆ నగరానికి వెళుతుంది.

తామరపురం నగరపాలక సంస్థలో మేనేజరుగా ఉన్న ఈమని సుదర్శనానికి ఇది ఊరి పరువు సంగతి కాదు. ఆయన భార్య హైమవతికి రెండేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు తెల్లవారుజామున రైలెక్కి రాజధానికి పోవాలి, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి, పొద్దుగూకాక వేలాడిపోతూ తిరిగి రావాలి. సెలవు దొరికిన రోజు సుదర్శనం తోడు వెళ్ళేవాడు. దొరకని రోజు ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని, రైలు ఇప్పుడు ఏ స్టేషన్లో ఉందో ఆలోచిస్తూ కూర్చునేవాడు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన ఆవిడ, ఒకప్పుడు బండెడు దిద్దుడు కాగితాలు చంకన పెట్టుకుని నడిచి వచ్చే మనిషి, ఇప్పుడు స్టేషను మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంటే చూడలేకపోయేవాడు. కేంద్రం ఊళ్ళోకి వస్తే ఆటోలో వెళ్ళి ఆటోలో వస్తుంది. ఆయనకి కావలసింది అంతే. అందుకోసం తామరపురం లండన్ కంటే ముఖ్యమైనదని సంతకం పెట్టమన్నా పెట్టేవాడు.

సంఘం మొదటి సమావేశానికి రెండు నగరాల కమిషనర్లనీ మేనేజర్లనీ పిలిచారు. అధ్యక్షులు పరాంకుశరావు గారు చాలా పెద్ద హోదాలో రిటైరైన అధికారి. సభ్యుల్లో ఒకాయన జనాభా లెక్కలు తీశాడు. అధ్యక్షులు చెయ్యెత్తారు.

"జనాభా యనునది ప్రాముఖ్యము కాదు. అది కేవలం రద్దీ."

మరొకాయన పన్నుల వసూళ్ళు చూద్దామన్నాడు.

"పన్ను కట్టువాడు ముఖ్యుడా, కట్టకుండా తిరుగువాడు ముఖ్యుడా, మీరే యోచించండి" అన్నారు అధ్యక్షులు. యోచించి ఆయన కూర్చున్నాడు.

తరువాత పరాంకుశరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను ముప్పై అయిదు వత్సరాలు సేవలందించితిని. నా గది వెలుపల బల్ల మీద అనుదినమూ పదిమందికి తక్కువ కాకుండా ఆసీనులై యుండెడివారు. పదవీ విరమణ చేసిన మరునాడు నేనే తలుపు తెరిచి చూసితిని. పాలవాడు తప్ప ఎవ్వరూ లేరు. వాడును ఆగలేదు." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అప్పుడు నాకు బోధపడినదేమనగా, ప్రాముఖ్యము అనగా నిరీక్షణ. ఎవరి కొరకు ఎక్కువమంది ఎక్కువసేపు ఎదురుచూతురో వాడే ముఖ్యుడు. మనిషికి ఏది వర్తించునో నగరమునకును అదియే వర్తించును."

గదిలో ఎవరూ కాదనలేకపోయారు. నిజానికి అక్కడున్న ప్రతి అధికారీ తన గది బయట బల్లని తలుచుకుని, అది ఖాళీగా ఉన్న రోజుల్ని గుర్తు చేసుకుని, కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఒక ముఖ్య నియమము" అన్నారు అధ్యక్షులు. "కూర్చున్న ప్రతివాడూ నిరీక్షకుడు కాడు. మా కార్యాలయము ఎదుట వేపచెట్టు క్రింద నీడకు కూర్చుండువారు ఉండిరి. వారిని లెక్కించుట అప్రామాణికము. కావున పరిశీలకుడు స్వయముగా వెళ్ళి, ఎదురుచూచుచున్నారా అని ప్రశ్నించవలెను. ఔనన్నచో మాత్రమే లెక్క."

సుదర్శనం పక్కన గుండ్లకోట మేనేజరు షేక్ మస్తాన్ కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడు డిపార్టుమెంటు పరీక్షలు రాసినవాళ్ళు, ఒకే లాడ్జిలో ఒకే పుస్తకం పంచుకుని చదివినవాళ్ళు. మస్తాన్ తల వంచి గొణిగాడు.

"సుదర్శనం గారూ, జనాన్ని నిలబెట్టడంలో మనిద్దరిదీ ఒకటే చెయ్యి కదండీ. ఇందులో మీకూ మాకూ తేడా ఎలా తీస్తారండీ ఈయన?"

"ఏమోనండీ, తీసేదాకా వదిలేట్టు లేరు" అన్నాడు సుదర్శనం.

ఇంటికొచ్చి చెబితే హైమవతి పడీపడీ నవ్వింది. నవ్వితే ఆయాసమొస్తుందని తెలిసీ నవ్వింది.

"అయితే మీకు ఫస్టు రావాలండీ. మా నాన్నగారు ఇంటి ప్లాను కోసం మీ ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ చివరికి పూరిపాకలోనే పోయారు."

"అప్పట్లో నేను ఆ సెక్షన్లో లేను, హైమా."

"లేరులెండి. ఇప్పుడున్నారుగా. బాగా నిలబెట్టండి జనాన్ని, నాకు రైలు తప్పుతుంది."

నవ్వుతూ అన్న మాటే అయినా సుదర్శనం దాన్ని ఆజ్ఞలాగే తీసుకున్నాడు.

తామరపురం కమిషనర్ రఘునందన్ కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఏ పనైనా మిషన్ మోడ్‌లో తప్ప చెయ్యడు. మర్నాడే సుదర్శనాన్ని 'నిరీక్షణాభివృద్ధి నోడల్ అధికారి'గా వేశాడు. మొదట ఆఫీసులో నాలుగు కౌంటర్లలో మూడు మూసేశారు. తెరిచి ఉన్న కౌంటర్లో గుమాస్తాకి కాఫీ బ్రేకులు పెంచారు. పన్ను కట్టడానికి వచ్చినవాడికి టోకెను, టోకెను తీసుకోవడానికి ముందు ఇంకో టోకెను. ఆవరణలో రేకుల షెడ్డు వేసి 'నిరీక్షణ మండపం' అని బోర్డు పెట్టారు. సర్క్యులర్లన్నీ సుదర్శనం స్వయంగా రాశాడు. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఏ అర్జీదారుడును సహేతుకమైన నిరీక్షణ లేకుండా లోనికి అనుమతించబడరాదు' అన్న వాక్యం రాసిన రోజు కమిషనర్ ఆయన భుజం తట్టాడు.

జనం గొడవ చేస్తారని సుదర్శనం భయపడ్డాడు. చెయ్యలేదు. డయాలసిస్ కేంద్రం గుండ్లకోటకి పోకూడదన్న పట్టుదల కొందరిది, అసలు ఏదీ గుండ్లకోటకి పోకూడదన్న పట్టుదల మిగతావాళ్ళది. పనున్నవాళ్ళు ఎలాగూ నిలబడ్డారు, పనిలేనివాళ్ళు ఊరి మీద అభిమానంతో వచ్చి వెనకాల నిలబడ్డారు. పెళ్ళివారు చుట్టాల్ని తీసుకొచ్చి "మా ఊరి క్యూ చూడండి" అని చూపించుకున్నారు. పరిశీలకుడు వచ్చి అడిగితే ఏం చెప్పాలో బస్తీల వారీగా నేర్పించారు. "ఎదురుచూస్తున్నామండీ" అని పిల్లా పెద్దా ఒక్క గొంతుతో అనేవారు.

మండపంలో ఒక ముసలాయన మాత్రం రిహార్సల్లోనే చెడగొట్టాడు. ఎదురుచూస్తున్నారా అని అడిగితే, "లేదయ్యా, ఎండగా ఉంటే నీడకి కూర్చున్నాను" అన్నాడు.

సుదర్శనం ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి కోప్పడ్డాడు. "తాతగారూ, మీ ఒక్క మాటతో ఊరికి ఒక మనిషి లెక్క తగ్గిపోతుంది. ఎదురుచూస్తున్నాను అంటే మీ సొమ్మేం పోయింది?"

"ఎవరికోసమని చెప్పనయ్యా?" అన్నాడు ముసలాయన. "నా కోసం వచ్చేవాళ్ళెవరూ లేరు."

పరిశీలన రోజున మీరు రావద్దని సుదర్శనం గట్టిగా చెప్పి పంపించేశాడు.

పోటీ ముదిరింది. తామరపురం హోటళ్ళలో ఆర్డరిచ్చిన అరగంటకి కానీ ఇడ్లీ పెట్టకూడదని నియమం వచ్చింది. చల్లారిపోతాయని యజమానులు మొత్తుకుంటే, ముఖ్యమైన నగరాల్లో ఇడ్లీ చల్లగానే ఉంటుందని కమిషనర్ వివరించాడు. మంగలిషాపుల్లో సగం గడ్డం గీసి ఆపి, మిగతా సగానికి టోకెనిచ్చేవారు. ఊళ్ళో ఏ వైపు చూసినా ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుకుగా ఉన్న మగవాళ్ళు ఠీవిగా తిరిగేవారు. శ్మశానంలో కూడా టోకెన్లు పెట్టారు. అక్కడ తొందరపడేవాళ్ళెవరూ లేకపోవడంతో ఆ పథకం అన్నిటికంటే సాఫీగా నడిచింది.

అంతలో గుండ్లకోట నుంచి దుర్వార్త వచ్చింది. అక్కడ ఊరి నడిబొడ్డున రైల్వే గేటుంది. రైళ్ళతో సంబంధం లేకుండా దాన్ని పూటల తరబడి వేసి ఉంచుతున్నారట. రెండు పక్కలా ఊరు ఊరంతా నిలబడుతోందట. తామరపురానికి ఆ అదృష్టం లేదు. పదేళ్ళ కిందట పోరాడి, రాస్తారోకోలు చేసి, గేటు తీయించి పైవంతెన కట్టించుకున్నారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన పెద్దాయన్ని ఇప్పుడు ఊళ్ళో ఎవరూ పలకరించడం లేదు.

"మన దగ్గర వంతెన ఉందనే కదా మీ బాధ?" అన్నాడు కమిషనర్. "వంతెన మీద గేటు పెట్టకూడదని ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. సుదర్శనం నిబంధనలన్నీ తిరగేసి చూశాడు. వంతెన మీద గేటు పెట్టకూడదని రాయాల్సిన అవసరం వస్తుందని నిబంధనలు రాసినవాళ్ళు ఊహించలేదు. వారం తిరిగేసరికి వంతెన నడిమధ్యన ఎరుపు తెలుపు చారల గేటు వెలిసింది, దానికో గేట్‌మాన్, అతనికో పచ్చజెండా. కింద రైలు వెళుతుంటే పైన గేటు వేసేవారు. రైలు లేనప్పుడు, వస్తుందేమోనని వేసి ఉంచేవారు. స్కూటర్లు, ఆటోలు, లారీలు బారులు తీరి నిలబడేవి. జనం వంతెన గోడ మీద మోచేతులాన్చి, కింద ఏ అడ్డూ లేకుండా సాగిపోతున్న రైలుని చూసి, ఆ రైలు ముఖ్యమైన ఊరి మీదుగా పోతోందని సంతోషించేవారు.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున స్టేషనుకి వెళుతూ హైమవతి ఎక్కిన ఆటో కూడా ఆ గేటు దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఎక్కాల్సిన రైలు కింది నుంచే వెళ్ళిపోయింది. ఆ రోజు డయాలసిస్ లేదు. మర్నాటికి కాళ్ళు వాచాయి, రాత్రంతా దిండ్లు పేర్చుకుని కూర్చునే ఉంది. సుదర్శనం పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతూ, "ఇంక కొద్ది రోజులే, హైమా. కేంద్రం వచ్చేస్తుంది" అన్నాడు. అనడమైతే అన్నాడు కానీ, తన చేత్తో తనే ఆ గేటు పెట్టించాడన్న సంగతి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పరిశీలన రోజు వచ్చింది. సంఘం పొద్దున గుండ్లకోట, మధ్యాహ్నం తామరపురం చూడాలి.

గుండ్లకోట వాళ్ళు అక్కడే తప్పు చేశారు. ఇన్ని నెలలు జనాన్ని ఎండలో నిలబెట్టినవాళ్ళు, అతిథులొస్తున్నారనేసరికి పాత అలవాటు మానుకోలేకపోయారు. ఊరి పొలిమేరలోనే దండలతో, మేళంతో ఎదురెళ్ళారు. కారు దిగీ దిగకముందే చేతికి కొబ్బరిబోండాం. గేటు తీసేసి దారి ఇచ్చారు. కూర్చోగానే వేడివేడి పెసరట్టు ఉప్మా. ఊరంతా బారులు తీరి నిలబడే ఉంది కానీ, సంఘం మాత్రం ఒక్క క్షణం కూడా ఎక్కడా ఆగలేదు.

మస్తాన్ సంబరంగా ఫోన్ చేశాడు. "అధ్యక్షుల వారికి ఏ లోటూ రానియ్యలేదండీ. రెండో పెసరట్టు కూడా అడిగి మరీ వేయించాం."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదండీ. పాలవాడిలాగా వచ్చి వెళ్ళినట్టుంది అని మాత్రం అన్నారు."

సుదర్శనానికి మెరుపులా ఆలోచన తట్టింది. పరుగున కమిషనర్ గదిలోకి వెళ్ళి చెప్పాడు. విన్న కమిషనర్ ముఖం తెల్లబోయింది. అయినా మిషన్ మోడ్‌లో ఉన్నాడు కాబట్టి ఒప్పుకున్నాడు.

సంఘం కార్లు తామరపురం నగరపాలక సంస్థ ముందు ఆగాయి. ఎవరూ ఎదురు రాలేదు. పరాంకుశరావు గారు స్వయంగా మెట్లెక్కి కమిషనర్ గది దాకా వచ్చారు. తలుపు దగ్గర స్టూలు మీద ఉన్న అటెండరు లేవకుండా, "సార్ మీటింగులో ఉన్నారు, కూర్చోండి" అని బల్ల చూపించాడు.

"మేమెవరమో తెలియునా?" అన్నారు అధ్యక్షులు.

"ఎవరైనా కూర్చోవాలండీ."

లోపల మీటింగు లేదు. కమిషనర్ ఒక్కడే కుర్చీలో ముడుచుకుని, తన ఉద్యోగం గురించి ఆలోచించుకుంటున్నాడు. బయట అధ్యక్షులు గంటసేపు మండిపడ్డారు. రెండో గంటలో మాట్లాడటం మానేశారు. మూడో గంటలో పక్కన కూర్చున్న ఇంటిపన్ను బాధితుడితో మాటలు కలిశాయి, అతనిచ్చిన వేరుశెనక్కాయలు వలిచారు. తలుపు కదిలినప్పుడల్లా అందరితోపాటు ఆయనా ఆశగా మెడ చాచి చూశారు. స్తంభం చాటు నుంచి సుదర్శనం అంతా చూస్తూనే ఉన్నాడు.

చివరికి తలుపు తెరుచుకున్నాక పరాంకుశరావు గారు లేచి, కమిషనర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇది నగరము. బల్లకు ఆ వైపు ఇంత గొప్పగా ఉండునని నాకు తెలియదు. లోపల ఎవరో ఉన్నారన్న భావనే ఎంత మహత్తరమైనది" అన్నారు.

తామరపురం ఎక్కువ ముఖ్యమైన నగరమని ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో బాణసంచా కాల్చారు. కేంద్రం వచ్చింది. తెల్లటి గోడలు, కొత్త యంత్రాలు, చల్లటి గది. గుండ్లకోటకి ఓదార్పు కింద, రాజధానిలో తీసేసిన పాత యంత్రాలు రెండు పడేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. అలిగిన గుండ్లకోట తన రైల్వే గేటు ఎత్తేసి, కౌంటర్లన్నీ తెరిచేసి, ముఖ్యంగా ఉండటం మానేసింది.

మొదటిరోజు సుదర్శనం హైమవతిని ఆటోలో తీసుకెళ్ళాడు. ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది. కేంద్రం వరండాలో పొడుగాటి బల్లలు, వాటి నిండా మనుషులు. అద్దంలోంచి లోపల యంత్రాలు ఖాళీగా మెరుస్తూ కనిపిస్తున్నాయి.

"ఖాళీగానే ఉన్నాయి కదమ్మా, పిలవచ్చుగా" అన్నాడు నర్సుతో.

"పిలవకూడదు సార్. ప్రాముఖ్యం రెండేళ్ళపాటు నిలబెట్టుకోకపోతే కేంద్రం వెనక్కి తీసుకుంటారంట. సహేతుకమైన నిరీక్షణ లేకుండా లోపలికి పంపకూడదని సర్క్యులరుంది." ఆ అమ్మాయి గోడ మీద అంటించిన కాగితం చూపించింది. "మీ సంతకమే సార్."

సుదర్శనం చూశాడు. తన సంతకమే. ఎంతో శ్రద్ధగా, కింద గీత కూడా గీసి పెట్టిన సంతకం. కమిషనర్‌కి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. మధ్యాహ్నం దాటింది. హైమవతి వేళ్ళు ఉబ్బాయి, మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. అయినా పక్కనున్నవాళ్ళతో కబుర్లు చెబుతూనే ఉంది. సాయంత్రానికి వంతు వచ్చింది. వారం రోజులు అలాగే గడిచాయి. రైలే నయమండీ, కనీసం కదులుతూ ఉండేది అని ఒకరోజు మెల్లిగా అంది. మనిషిని ఇంత దగ్గరికి తెచ్చి ఇంత దూరం కూర్చోబెట్టింది తనే.

ఆ సాయంత్రం మస్తాన్‌కి ఫోన్ చేశాడు. విషయమంతా విని మస్తాన్, "వదినగారిని రేపే తీసుకొచ్చేయండి. పాతవే కానీ, యంత్రాలు బాగానే పనిచేస్తున్నాయండీ. మా ఊళ్ళో రోగులు తక్కువ, మూడు రోజులకొకరు కూడా రావడం లేదు. టెక్నీషియన్ కుర్రాడు ఈగలు తోలుకుంటున్నాడు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆటో వంతెనెక్కింది. గేటు వేసి ఉంది. కింద రైలు లేదు. పచ్చజెండా చంకలో పెట్టుకుని గేట్‌మాన్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"ఎత్తు" అన్నాడు సుదర్శనం.

"రైలొస్తుందేమో సార్."

"వస్తే కిందనుంచి పోతుంది. ఎత్తవయ్యా."

అతను తటపటాయిస్తుంటే సుదర్శనం ఆటో దిగి తనే గేటు ఎత్తి పట్టుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా నోరెళ్ళబెట్టి చూశారు. ఒకతను తేరుకుని స్కూటరు స్టార్టు చేశాడు, అతని వెనక అందరూ పోయారు.

గుండ్లకోట ఆసుపత్రిలో ఎవరూ టోకెనివ్వలేదు. వరండాలోకి అడుగుపెట్టగానే టెక్నీషియన్ కుర్రాడు, "రండమ్మా, మీకోసమే చూస్తున్నా" అని లోపలికి తీసుకెళ్ళాడు. హైమవతి వెనక్కి తిరిగి చూసి కనుబొమ్మలెగరేసింది, ఇదేం ఊరండీ అన్నట్టు.

ఇలాంటి సంగతి దాగదు. నెల తిరిగేసరికి తామరపురం రోగులు ఒక్కొక్కరే గుండ్లకోట దారి పట్టారు. రోగులతోపాటు, జనన ధ్రువపత్రాల వాళ్ళు, గడ్డం పూర్తిగా గీయించుకోవాలనుకునేవాళ్ళు, వేడి ఇడ్లీ తిని ఏళ్ళయినట్టున్నవాళ్ళు కూడా. ఆసుపత్రి వరండాలో బల్ల నిండింది. రెండు యంత్రాలకీ వేళలు పంచుకుని వచ్చేవారు కాబట్టి రోగులు లోపల, వాళ్ళ మనుషులు బయట.

అలాంటి ఒకరోజు సంఘం పంపిన పరిశీలకుడు గుండ్లకోట ఆసుపత్రిలోకి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో గడియారం. ఏటేటా జరిగే పునఃపరిశీలన అట. నిండిన బల్ల చూడగానే అతని ముఖం వెలిగింది. కార్డు చూసి సుదర్శనం అతనెవరో పోల్చుకున్నాడు. అతను ఇక్కడ ఎంతమందిని లెక్కేసుకుంటే గుండ్లకోట అంత ముఖ్యమవుతుంది. ముఖ్యమైందంటే గేటు పడుతుంది, టోకెన్లు వస్తాయి, తన సర్క్యులరే ఇంకో సంతకంతో ఈ గోడకీ ఎక్కుతుంది. లోపల హైమవతి చేతికి గొట్టాలు పెట్టి ఉన్నాయి. ఇక్కడి నుంచి ఇంక వెళ్ళడానికి వేరే ఊరు లేదు.

పరిశీలకుడు మొదట సుదర్శనం దగ్గరికే వచ్చాడు.

"ఎదురుచూస్తున్నారా అండీ?"

బల్ల మీదున్నవాళ్ళందరూ తామరపురం వాళ్ళే. "ఎదురుచూస్తున్నామండీ" అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్ళు. అందరూ తమకి ఆ పాఠం నేర్పిన మేనేజరు గారి వైపు చూశారు.

"లేదండీ" అన్నాడు సుదర్శనం. "ఎండగా ఉంటే నీడకి కూర్చున్నాను."

పరిశీలకుడు పక్కావిడ వైపు తిరిగాడు. ఆవిడ మొగుడు లోపల రెండో యంత్రం మీద ఉన్నాడు. "నేనూ నీడకేనయ్యా" అంది. ఆ పక్కనున్నాయన బస్సు తప్పిపోయిందన్నాడు. ఇంకొకాయన ఇక్కడ గాలి బాగుంటుందన్నాడు. అలా బల్ల చివరిదాకా అడిగి, పరిశీలకుడు నిట్టూర్చి, ఈ ఊరికి సున్నా వేసుకున్నాడు.

"ఇంతమంది పనీపాటా లేకుండా కూర్చునే ఊరు నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

"అంత ముఖ్యమైన ఊరు కాదులెండి" అని సుదర్శనం ఓదార్చాడు.

అతను మంచినీళ్ళు తాగడానికి గుమ్మం దగ్గర ఆగాడు. అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని హైమవతి బయటికి వచ్చింది. చేతికి కట్టు, ముఖంలో తేటదనం. ఎవరినీ పట్టుకోకుండా నాలుగడుగులు నడిచి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"చాలాసేపు ఎదురుచూశారా?" అంది.

సుదర్శనం గుమ్మం వైపు చూశాడు. పరిశీలకుడు గ్లాసు చేత్తో పట్టుకుని ఇటే వింటున్నాడు.

"నీకోసం నేనెందుకు ఎదురుచూస్తానే?" అన్నాడు సుదర్శనం. లేచి ఆవిడ చేతిసంచీ అందుకున్నాడు.